తీసిపెట్టిన గిన్నె

గోదావరి డెల్టా వంటిళ్ళ మీదుగా ఓ ప్రయాణం

రాత్రి భోజనాలయ్యాయి. గిన్నెలు కడిగి బోర్లించారు. పొయ్యి గట్టు తుడిచేశారు. హమ్మయ్య అనుకుంటూ వంటింట్లో లైటు ఆర్పబోతుంటే సరిగ్గా అప్పుడే గుర్తొస్తుంది.. రేపు పిల్లల బాక్సులోకి ఏమిటి?

ఈ ప్రశ్న తలెత్తని ఇల్లు ఉందంటారా? తెల్లవారుఝామున నాలుగున్నరకే అలారం. ఒక పొయ్యి మీద పాలు, ఇంకో పొయ్యి మీద కూర. ఏడున్నరకల్లా స్కూలు బస్సు వీధి మొదట్లో హారను కొడుతుంది. ఆ గంటల్లో ఇల్లాలు పడే హడావుడి ఆ దేవుడికే తెలియాలి. తీరా సాయంత్రం బాక్సు మూత తీస్తే సగం అన్నం అలాగే ఉంటుంది. పిల్లవాడు మధ్యాహ్నమంతా అర్ధాకలితో పాఠాలు విన్నాడన్నమాట. మన నిద్రా పోయె, వాడి కడుపూ నిండకపోయె!

అందుకే ఈ వారం మిమ్మల్ని గోదావరి డెల్టాకి తీసుకెళదామనుకుంటున్నాను. పాపికొండల లాంచీ కోసమో, పుష్కరాల రేవు కోసమో కాదండీ. వంటిళ్ళ కోసం! రాత్రి వంటా, రేపటి క్యారేజీ.. ఈ రెంటినీ వేరువేరు పనులుగా చూడని ఇళ్ళు ఆ గట్ల వెంట ఎన్నో ఉన్నాయి. స్టీలు టిఫిన్ క్యారియర్‌ని అక్కడ 'క్యారేజీ' అంటారు. పొలానికి వెళ్ళే మనిషికి క్యారేజీ, ఆఫీసుకి వెళ్ళే మనిషికి క్యారేజీ, బడికి వెళ్ళే పిల్లకి క్యారేజీ. ఆ గిన్నెలు నింపే పద్ధతిలో ఒక కిటుకు ఉంది. అది తెలిస్తే మన పొద్దుళ్ళు కాస్త తేలికపడతాయి.

ధవళేశ్వరంతో మొదలు

రాజమండ్రి పేరు 2015లో రాజమహేంద్రవరంగా మారింది గానీ, బస్సు కండక్టరు నోట ఇప్పటికీ రాజమండ్రే వినిపిస్తుంది. అక్కడికి దగ్గరలోనే ధవళేశ్వరం. ఆర్థర్ కాటన్ దొర ఆధ్వర్యంలో 1847లో మొదలైన ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇప్పుడు మనం చూసే బ్యారేజీ దాని స్థానంలో 1982 నాటికి కట్టింది. ఇక్కడి నుంచి గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలి సముద్రానికి పోతుంది. కాలవల నీళ్ళు మాత్రం చేలల్లోకి వస్తాయి.

వంటల పేజీలో ఆనకట్ట సంగతి ఎందుకంటారా? ఉందండీ సంబంధం! కాలవ వచ్చాక డెల్టాకి రెండు పంటలొచ్చాయి. సార్వా, దాళ్వా అంటారు అక్కడ. రెండు పంటలంటే రెండు నాట్లు, రెండు కోతలు. నాట్ల రోజుల్లో ఆడవాళ్ళు పొద్దు పొడిచేసరికి చేలో ఉండాలి. అలాంటప్పుడు తెల్లవారాక తీరిగ్గా కూర తరిగి వండుకునే వీలెక్కడిది? అందుకని కూర రాత్రే అయిపోవాలి. అది మర్నాడు మధ్యాహ్నం గట్టు మీద తినేదాకా నిలవాలి. మగవాళ్ళు, పిల్లలు, తాను.. అందరికీ సరిపోవాలి. ఏ పుస్తకమూ చెప్పకుండానే ఏ కూర నిలుస్తుందో, ఏది పాడవుతుందో వాళ్ళకి తెలిసింది అలాగే.

మిగిలిందా.. తీసిపెట్టిందా?

బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక దిగి కాలవ గట్టు పట్టుకుంటే ఆత్రేయపురం వస్తుంది. ఇక్కడి పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాసిని కొనుక్కుని సంచీలో పెట్టుకోండి, దారిలో పనికొస్తాయి. అక్కడి నుంచి రావులపాలెం, ఆ పైన అమలాపురం బస్సు. పొద్దున్న పూట ఆ బస్సులో కూర్చుంటే సగం ఒళ్ళలో క్యారేజీలే కనబడతాయి. ఇంత పొద్దున్నే అన్నీ ఎలా వండుకొచ్చారమ్మా అని పక్కావిడని అడిగి చూడండి. ఆ జిల్లా యాసలో జవాబు ఇలా ఉంటుంది:

"ఆయ్.. కూర రాత్రే అయిపోద్దండి. దింపగానే ముందు ఆళ్ళ గిన్నెలోకి తీసేత్తానండి. ఆ తర్వాతే కంచాల్లోకి. పొద్దున్నే అన్నం ఒకటే వార్చుకోడం.. అంతేనండి!"

ఇదేనండీ ఆ కిటుకు. వినడానికి చిన్న మాటే. కానీ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. రాత్రి అందరూ తిన్నాక అడుగున మిగిలింది పొద్దున్న బాక్సులో వేస్తే అది మిగిలిన కూర. అందులో ముక్కలు ఉండవు, చితికిన పులుసే ఉంటుంది. పదిసార్లు గరిటె పెట్టి కలిపింది, రెండు మూడు గంటలు బల్ల మీద ఉన్నది. దింపగానే శుభ్రమైన పొడి గరిటెతో, మంచి ముక్కలు చూసి, మూత ఉన్న గిన్నెలోకి తీస్తే అది పిల్లల కోసం తీసిపెట్టిన కూర. రెండూ ఒకే కుండలోవే. కానీ రుచి వేరు, నిలవ వేరు, దాని మర్యాద వేరు!

మర్యాద అని ఊరికే అనలేదు. పదిమంది మధ్య మూత తీసేది పిల్లలు. "రాత్రిదేనా?" అని పక్కవాడు అడిగితే ముఖం చిన్నబుచ్చుకునేదీ వాళ్ళే. తమ వాటా ముందుగా తీసిపెట్టడం రాత్రి కళ్ళారా చూసిన పిల్ల, "అవును, అమ్మ నాకోసం ముందే తీసింది" అని చెప్పగలదు. పిల్లలకి ఈ తేడా మనకంటే బాగా తెలుసు.

జపాన్‌లో తల్లులు పిల్లలకు కట్టే బెంతో డబ్బాలోకి కూడా రాత్రి వంటలోంచి కొంత తీసి ఉంచడం మామూలేనట. అంత దూరం ఎందుకు, మన పోతనగారి భాగవతం దశమ స్కంధంలో చిన్ని కృష్ణుడు గోపబాలకులతో కలిసి అడవిలో ఆరగించింది చల్దులే కదా! ఇంటి దగ్గర కట్టించుకున్న మూటలే కదా!

కోనసీమలో ఆవ, పనస, కొబ్బరి

గౌతమి దాటి కోనసీమలో అడుగుపెట్టాం. 2022 నుంచి ఇది వేరే జిల్లా. రోడ్డుకి రెండు పక్కలా కొబ్బరి, దాని నీడన అరటి, కంద. పెరట్లో పనస చెట్టు. ఈ పెరళ్ళలోంచే ఇక్కడి క్యారేజీ పుట్టింది.

పనసపొట్టు కూర లేని పెళ్ళి భోజనం గోదావరి జిల్లాల్లో తక్కువ. లేత పనసకాయని కత్తితో సన్నగా కొట్టి పొట్టు చేస్తారు. అదో విద్య. రాజమండ్రి, అమలాపురం బజార్లలో కొట్టిన పొట్టే అమ్ముతారు. పొట్టుని ఉప్పు, పసుపు వేసి ఉడికించి, నీరు పిండి, చింతపండు గుజ్జుతో మగ్గించి, తాలింపు పెట్టి, దింపాక చల్లారనిచ్చి ఆవ కలుపుతారు. పచ్చి ఆవాలు, ఎండుమిరపకాయ, చిటికెడు ఉప్పు కలిపి నూరిన ముద్దే ఈ ఆవ. అరటికాయకీ, కంద బచ్చలికీ ఇదే పద్ధతి.

ఇందులోని తెలివి చూడండి. నీరు పిండేశారు. పులుపు పట్టించారు. నూనె ధారాళంగా పోశారు. నీరు తక్కువ, పులుపు ఎక్కువ ఉన్నచోట కూర త్వరగా చెడదు. ఆవ ఘాటుకి కూడా క్రిములని అదిలించే గుణం ఉంది. అందుకే ఆవ పెట్టిన కూర మర్నాటికి ఇంకా రుచెక్కుతుంది. పెద్దలకి ఆ ఘాటే ఇష్టం, కానీ చిన్నపిల్లలకి ముక్కులోంచి పొగలొస్తాయి! కాబట్టి ఆవ కలపకముందే పిల్లల గిన్నెలోకి తీసేయండి. ఒక్క తిరగలో రెండు కూరలు అయినట్టే.

ఇక కొబ్బరి. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు పేరు వినే ఉంటారు. ఇంత కొబ్బరి ఉన్నా, పచ్చికొబ్బరి పచ్చడిని మధ్యాహ్నం బాక్సులోకి పెట్టడానికి ఇక్కడి వాళ్ళు వెనకాడతారు. కోస్తా ఉక్కకి పచ్చికొబ్బరి పన్నెండు గంటలయ్యేసరికే వాసన పట్టేస్తుంది. దానికి బదులు అల్లం పచ్చడో, వేయించిన కొబ్బరితో కొట్టిన కారప్పొడో పెడతారు. కొబ్బరి అన్నం చేయాలనిపిస్తే ఆదివారం ఇంట్లో వేడివేడిగా వడ్డించండి. బాక్సులోకి వద్దు.

సీతమ్మగారి ఊరు

అంబాజీపేట నుంచి వైనతేయ వైపు వెళితే పి.గన్నవరం, దాని పక్కనే లంకల గన్నవరం. డొక్కా సీతమ్మగారి ఊరు. 1841లో మండపేటలో పుట్టి, ఈ ఊరి ఇంటికి కోడలుగా వచ్చి, 1909లో కన్నుమూసేదాకా ఆకలితో వచ్చిన వాళ్ళకి వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన తల్లి. ఏటి రేవులు దాటి వచ్చే బాటసారులకి కులం అడగకుండా, పేరు అడగకుండా వడ్డించారని చెప్పుకుంటారు. ఎవరొస్తారో తెలియకుండానే ఎవరికోసమో తీసిపెట్టిన గిన్నె ఆ ఇంట్లో ఎప్పుడూ ఉండేదన్నమాట.

మన రాష్ట్రంలో బడుల్లో వండి వడ్డించే మధ్యాహ్న భోజనం 2003 జనవరిలో మొదలైంది. 2024లో ఆ పథకానికి సీతమ్మగారి పేరు పెట్టారు. సర్కారు బడిలో చదివే పిల్లలకి మధ్యాహ్నం వేడి అన్నం, గుడ్డు దొరుకుతున్నాయి. దాన్ని వండేదీ చాలాచోట్ల ఊరి ఆడవాళ్ళే. కూలికి వెళ్ళే తల్లికి అదెంత ధీమానో చెప్పక్కర్లేదు. ప్రైవేటు బళ్ళలో, దూరపు కాలేజీల్లో చదివే పిల్లలున్న ఇళ్ళల్లో మాత్రం క్యారేజీ బరువు ఇంకా అమ్మ మీదే ఉంది.

లంక గ్రామాల వాళ్ళకైతే ఇంకో చిక్కు. వరదొస్తే రోడ్లు మునుగుతాయి. నాటు పడవ మీదే రాకపోకలు. 2022 జూలై వరదల్లో ఎన్నో లంకలు నీళ్ళలో చిక్కుకున్నాయి. అలాంటి రోజుల్లో కరెంటు ఉండదు, ఫ్రిజ్ ఉన్నా లేనట్టే. అప్పుడు ఆదుకునేవి పులిహోర గుజ్జు, ఊరగాయలు, కారప్పొడులే. కాబట్టి ఫ్రిజ్ ఉంది కదా అని ఈ నిలవ వంటల్ని మరిచిపోకండి. కరెంటు పోయిన రాత్రి వాటి విలువ తెలుస్తుంది.

పులిహోర గుజ్జు

కావలసినవి: చింతపండు 100 గ్రాములు, నూనె 6 చెంచాలు, పచ్చిమిరపకాయలు 8, ఉప్పు 2 చెంచాలు, పసుపు అర చెంచా, చిన్న బెల్లం ముక్క, కరివేపాకు 2 రెబ్బలు. తాలింపుకి శనగపప్పు, మినపప్పు, ఆవాలు, ఎండుమిరపకాయలు, ఇంగువ, వేరుశనగ గుళ్ళు.

చేసే విధానం: చింతపండుని వేడినీళ్ళలో అరగంట నానబెట్టి చిక్కగా గుజ్జు తీయండి. నూనెలో పచ్చిమిరప చీలికలు, కరివేపాకు వేసి, గుజ్జు, పసుపు, ఉప్పు, బెల్లం కలిపి సన్నసెగ మీద నూనె పైకి తేలేదాకా ఉడికించండి. పూర్తిగా చల్లారాక తడిలేని గాజు సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే వారం రోజులు బాగుంటుంది. పొద్దున్న వేడి అన్నంలో కలిపి అప్పటికప్పుడు తాలింపు పెడితే పది నిమిషాల్లో బాక్సు సిద్ధం. గోదావరి వాళ్ళు చివర్లో కాస్త ఆవముద్ద కూడా కలుపుతారు. పెద్దల క్యారేజీకి అది బాగుంటుంది.

వశిష్ఠ దాటితే దిబ్బరొట్టె

రాజోలు మీదుగా దిండి చేరి, చించినాడ వంతెన మీద వశిష్ఠ దాటితే పశ్చిమం వచ్చేసినట్టే. సఖినేటిపల్లి దగ్గర పంటు మీద దాటి నరసాపురం చేరే దారి కూడా ఉంది. పంటు మీద సైకిళ్ళు, మోటారు సైకిళ్ళు, కొబ్బరి గెలలు, మధ్యలో క్యారేజీ పట్టుకుని మనం. ఆ గాలి తగిలితే ఆకలి దానంతటదే వేస్తుంది.

పాలకొల్లు, నరసాపురం వైపు సాయంత్రం పూట హోటల్లో ఆగితే దిబ్బరొట్టె దొరుకుతుంది. పైన ఎర్రగా కరకరలాడుతూ, లోపల దూదిలా ఉంటుంది. కొందరు దీన్ని చెరుకు పానకంలో అద్దుకుని తింటారు. ఇది రాత్రి భోజనానికి భోజనం, మర్నాడు బాక్సుకి బాక్సు. చల్లారినా గట్టిపడదు, చేతికి అంటదు, కారదు. చిన్నపిల్లలు చెంచా లేకుండా తినేయొచ్చు.

దిబ్బరొట్టె

కావలసినవి: మినపప్పు 1 గ్లాసు, బియ్యపు రవ్వ 2 గ్లాసులు, జీలకర్ర 1 చెంచా, ఉప్పు తగినంత, నూనె.

చేసే విధానం: పప్పుని నాలుగైదు గంటలు నానబెట్టి, నీళ్ళు తక్కువ పోసి గట్టిగా, మెత్తగా రుబ్బండి. రవ్వని కడిగి, నీళ్ళు గట్టిగా పిండి పిండిలో కలపండి. జీలకర్ర, ఉప్పు వేయండి. అడుగు మందంగా ఉన్న మూకుడులో మూడు చెంచాల నూనె కాగాక, రెండంగుళాల మందాన పిండి వేసి మూత పెట్టి, బాగా సన్నసెగ మీద పావుగంట నుంచి ఇరవై నిమిషాలు ఉంచండి. అడుగు ఎర్రబడ్డాక జాగ్రత్తగా తిరగేసి ఇంకో ఏడెనిమిది నిమిషాలు కాల్చండి. తొందరపడి మంట పెంచారో, పైన మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది.

రాత్రి కొంత పిండిని ముందే తీసి ఫ్రిజ్‌లో పెట్టేస్తే పొద్దున్న అరచేతి మందాన చిన్న చిన్న రొట్టెలు పోయొచ్చు. తురిమిన క్యారెట్, ఉల్లికాడలు కలిపితే కూర తినని పిల్లకి కూర కూడా పెట్టినట్టే.

భీమవరంలో చేప, రొయ్య, ఉలవచారు

భీమవరం చేరేసరికి చేలకి బదులు చెరువులు కనబడతాయి. చేపలు, రొయ్యలు. ఇక్కడి ఆడవాళ్ళు చాలామంది రొయ్యల షెడ్లలో పనికి వెళతారు. వాళ్ళకి కూడా తెల్లవారేలోపే క్యారేజీ తయారు కావాలి.

'పుస్తెలమ్మైనా పులస తినాలి' అన్న సామెత ఉంది కదా. గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు సముద్రంలోంచి ఏటికి ఎదురీదుకుంటూ వచ్చే చేప అది. దాని పులుసు మట్టికుండలో సన్నసెగ మీద రాత్రి కాచి, మర్నాడు తింటేనే రుచంటారు. ముక్కకి పులుపు, కారం పట్టాలంటే ఆ వ్యవధి కావాలి మరి. అలాగని పిల్లల బాక్సులో పులస పెట్టేరు సుమా! దాని నిండా సన్నని ముళ్ళే. మాస్టారు పాఠం మొదలుపెట్టేసరికి వాడింకా ముళ్ళు ఏరుకుంటూ ఉంటాడు. బాక్సుకి పనికొచ్చేవి ముల్లు తీసేసిన కొరమీను వేపుడు, పొడిగా వేయించిన రొయ్యలు, రొయ్యల పచ్చడి. ఇవి కూడా రాత్రి వేడి తగ్గగానే ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున్న సెగలు వచ్చేలా వేడిచేస్తేనే. ఎండాకాలం అసలు వద్దు.

శాకాహారుల ఇళ్ళకి ఉలవచారు ఉంది. ఉలవల్ని రాత్రంతా నానబెట్టి, మర్నాడు ఎక్కువ నీళ్ళతో మెత్తగా ఉడికిస్తారు. ఆ నీటిని చింతపులుసుతో చిక్కగా కాస్తే రాత్రికి చారు. వెన్నో, మీగడో వేసుకుంటే పిల్లలు వద్దనరు. ఉడికిన ఉలవల్ని పారేయకుండా తాలింపు పెడితే మర్నాడు ఇంటర్వెల్ బాక్సులోకి గుగ్గిళ్ళు. ఇనుము, మాంసకృత్తులు ఉన్న గింజ అది. ఒక్క ఉడుకులో రెండు పనులు!

మరి చద్దన్నం మాటేమిటి?

పెద్దల మాట చద్దన్నం మూట అన్నారు. నిజమే, కానీ ఆ చద్దన్నం ఎలా చేసేవారో కూడా గుర్తుపెట్టుకోవాలి. రాత్రి అన్నాన్ని ఊరికే గిన్నెలో వదిలేయలేదు. నీళ్ళు పోసి, లేదా పాలు తోడువేసి పులియబెట్టారు. కుండలో పులిసే తరవాణి కూడా అలాంటిదే. పెరుగుని తోడుపెట్టే క్రిముల్లాంటివే అక్కడా పనిచేసి అన్నాన్ని పుల్లగా మారుస్తాయి. ఆ పులుపు చెడ్డ క్రిముల్ని అణిచి ఉంచుతుంది. దాన్ని పొద్దున్నే ఇంట్లోనే ఉల్లిపాయ నంజుకుని తినేసేవారు.

నీళ్ళు పోయకుండా రాత్రంతా బయట వదిలేసిన పొడి అన్నం సంగతి వేరు. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి విత్తులు ఉండొచ్చు. అవి ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి. తర్వాత ఎంత వేడిచేసినా ఆ విషం పోదు. వాంతులు, విరేచనాలు దీనివల్లే. అందుకే ఆ బస్సులో ఆవిడ చెప్పిన పద్ధతి అంత మంచిది.. కూర రాత్రిది, అన్నం పొద్దుటిది. కష్టమంతా కూరలోనే ఉంటుంది. అన్నానికి కుక్కరులో పావుగంట చాలు.

కొన్ని జాగ్రత్తలు రాసుకోండి.

తీసిపెట్టిన కూరని వెడల్పు గిన్నెలో త్వరగా చల్లార్చి, రెండు గంటల లోపే ఫ్రిజ్‌లో పెట్టాలి.

పొద్దున్న ఆ పూటకి కావలసినంతే తీసి, అంతటా సెగలు వచ్చేలా ఒక్కసారే వేడిచేయాలి. మళ్ళీ మళ్ళీ వేడిచేయకూడదు.

మామూలు స్టీలు బాక్సులో వేడన్నం పెట్టి వెంటనే మూత బిగిస్తే ఆవిరి నీరుగా దిగి అన్నం పులిసిపోతుంది. పళ్ళెంలో పరిచి, ఫ్యాను కింద ఐదారు నిమిషాలు ఆరబెట్టి పెట్టాలి. వేడి నిలిపే డబ్బా అయితే మరుగుతున్న వేడిలోనే పెట్టేయాలి.

పెరుగన్నం పుల్లబడకుండా ఉండాలంటే, మెత్తగా మెదిపిన అన్నంలో కాచిన గోరువెచ్చని పాలు పోసి ఒక్క చెంచా పెరుగు కలపండి. మధ్యాహ్నానికి అదే కమ్మగా తోడుకుంటుంది.

ఒక వారం ఇలా చేసి చూడండి

సోమవారం రాత్రి గుత్తివంకాయ. నాలుగు కాయలు మసాలాతో సహా తీసిపెట్టండి. మంగళవారం పొద్దున్న వేడి అన్నంలో మెదిపి, నెయ్యి, జీడిపప్పు వేస్తే వంకాయ అన్నం.

మంగళవారం రాత్రి దిబ్బరొట్టె. బుధవారం చిన్న రొట్టెలు, అల్లం పచ్చడి.

బుధవారం రాత్రి అరటికాయ ఆవ కూర. ఆవ కలపకముందు తీసిన ముక్కల్ని గురువారం మెదిపి, శనగపిండి, ఉల్లిపాయ కలిపి పెనం మీద బిళ్ళలుగా కాల్చండి. పక్కన పెరుగన్నం.

గురువారం రాత్రి తోటకూర పప్పు. గట్టిగా ఉన్నప్పుడే రెండు గరిటెలు తీసి, శుక్రవారం గోధుమపిండిలో కలిపి చపాతీలు ఒత్తండి. నీళ్ళు పోయక్కర్లేదు. ఆకుకూర అంటే ఆమడ దూరం పరిగెత్తే పిల్లలు కూడా తినేస్తారు.

శుక్రవారం రాత్రి పులిహోర గుజ్జు కాచి, పెద్దలు వేడన్నంలో కలుపుకుంటారు. శనివారం బాక్సులోకి అదే.

ఆదివారం రాత్రి కోడికూర. పులుసు పోయకముందు కొన్ని ముక్కలు తీసి ఫ్రిజ్‌లో పెట్టండి. సోమవారం ఎముకలు తీసి, ఉల్లిపాయతో బాగా వేయించి, అప్పుడే వండిన అన్నంలో కలిపేయండి.

నాలుగో గిన్నె

చివరగా ఒక్క మాట. డెల్టా ఇళ్ళల్లో ఇంత నేర్పు చూశాక కూడా మనసులో ఒక సంగతి ముల్లులా ఉండిపోతుంది. ముందు పిల్లలకి తీసిపెడతారు. తర్వాత మగవాళ్ళకి వడ్డిస్తారు. అందరూ లేచాక గిన్నె అడుగున ఉన్నది ఇల్లాలి కంచంలో పడుతుంది. మిగిలిన కూర పిల్లలకి పెట్టకూడదని తెలిసిన ఆవిడే ఆ మిగిలిన కూర తాను తింటుంది! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. అందుకు కారణాలు చాలా ఉండొచ్చు. కానీ కంచంలో చివరికి పడేది కూడా అందులో ఒకటి కాదంటారా?

అందుకని రేపటి నుంచి కూర దింపగానే పిల్లల గిన్నెలతో పాటు ఇంకో గిన్నె కూడా తీయండి. అందులోనూ మంచి ముక్కలే వేయండి. గుడ్డు ఉంటే గుడ్డు, ఉలవలు ఉంటే ఉలవలు. అది మీ గిన్నె. ఉద్యోగానికి వెళ్ళేవారైతే అదే మీ క్యారేజీ. ఇంట్లో ఉండేవారైతే అదే మీ మధ్యాహ్న భోజనం. "ఎవరికోసం తీశావమ్మా?" అని పిల్లలు అడిగితే, "నాకోసమే" అని చెప్పండి. అలా చెప్పే అమ్మని చూస్తూ పెరిగిన ఆడపిల్ల, రేపు తన ఇంట్లో తన గిన్నె తీసుకోవడం మరిచిపోదు.

ఈ రాత్రి మీ ఇంట్లో ఏం కూర? ముందు గిన్నెలు సిద్ధం చేసుకోండి మరి!